ఉమ్రిలో లేని ఉమ్రేవార్లు

రామకిషన్ ఉమ్రేవార్ ఇంట్లో పెళ్ళి పసుపు దంచుతుండగా అదే ఊళ్ళోని గాడీపురా నుంచి ఒక మనిషి వచ్చి, నాగేశ్వర్ ఉమ్రేవార్ తెల్లవారుజామున చనిపోయాడని చెప్పాడు. నాగేశ్వర్‌కు పిల్లలు లేరు. తలకొరివి పెట్టడానికి రామకిషన్‌ను రమ్మని ఆయన భార్య యమునాబాయి కబురు పంపింది.

అది 1973 మే నెల. రామకిషన్‌కు నాందేడ్ ధాన్యం బజారు మోంఢాలో కిరాణా దుకాణం ఉంది. రెండు రోజుల్లో ఆయన కూతురు సుమంగళ పెళ్ళి. వరుడిది ధర్మాబాద్‌లో గింజల వ్యాపారం చేసే చింతల్‌వార్ల ఇల్లు. వరుడి తండ్రి రామదాస్ బట్టలు కొనడానికి పొద్దున ప్యాసింజర్‌లో వచ్చి, ముందు గదిలో చాయ్ తాగుతున్నాడు. కబురు తెచ్చిన మనిషి గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాడు కాబట్టి రామదాస్ కూడా విన్నాడు.

రోకళ్ళు ఆగిపోయాయి.

"ఎవలు బావ పోయింది?" అని రామదాస్ అడిగాడు.

"నాగేశ్వర్ గుర్జీ. హైస్కూల్‌ల చరిత్ర చెప్పెటోడు. రిటైరయ్యిండు."

"ఉమ్రేవార్ అంటున్నడు గద. మీ పాలోళ్ళా?"

ఒక తాత ఆస్తిని పంచుకున్న ఇండ్లవాళ్ళను పాలోళ్ళంటారు. పాలోళ్ళలో చావు జరిగితే ఆ ఇండ్లన్నిటికీ పది రోజుల మైల. మైలలో పెళ్ళి చేయరు. ఈ ముహూర్తం తప్పితే మళ్ళీ వానాకాలం దాటాలి. సుమంగళకు అంతకుముందు ఒక సంబంధం ఖాయమై తప్పిపోయింది. రెండోది కూడా తప్పితే ఎందుకని అడిగేవాళ్ళు ఉండరు. ఎవరికి తోచిన కారణం వాళ్ళు అనుకుంటారు.

రామకిషన్ అవుననో కాదనో చెప్పాలి. చెప్పబోతే తనకు తెలియదని ఆయనకు అర్థమైంది. నాగేశ్వర్‌ను ఆయన అన్నా అనేవాడు. యమునాబాయిని వదినె అనేవాడు. ఎందుకు అనేవాడో ఎన్నడూ ఆలోచించలేదు.

"కాదు," అని లోపలి నుంచి ఆయన భార్య ఉమాబాయి అంది.

"కానే కాదు," అని తమ్ముడు శివరాం అన్నాడు. శివరాం అన్నతో కలిసి దుకాణం చూసుకుంటాడు. "ఉమ్రి కెల్లి అచ్చినోళ్ళందర్ని ఈడ ఉమ్రేవార్ అనే అంటరు. మేము గట్లనే అయినం, ఆయన గట్లనే అయిండు."

"గోత్రం?" అన్నాడు రామదాస్.

"గోత్రం ఒక్కటే," అని రామకిషన్ ఒప్పుకున్నాడు.

"మరి?"

"ఆ గోత్రం మోంఢాల సగం దుకాణాలకున్నది. అందరికీ మైల పడితే బజారే బంద్ వెట్టాలె," అన్నాడు శివరాం.

రామకిషన్ కూతుర్ని పిలిచాడు. సుమంగళ బీఏలో చరిత్ర చదివింది. పరీక్షల ముందు గాడీపురాకు పోయి నాగేశ్వర్ దగ్గర పాఠం చెప్పించుకునేది. చేతులకు పసుపుతో బయటికి వచ్చింది. అప్పటికే ఏడ్చినట్టుంది.

"బిడ్డా, మనమూ ఆయన ఏమైతమో గుర్జీ నీకు ఎన్నడన్న చెప్పిండా?"

"చెప్పిండు బాపు. కానీ ఒక్కోసారి ఒక్కో తీరు చెప్పిండు."

నాగేశ్వర్ హైదరాబాద్‌లో చదివే రోజుల్లో ఒక మిషన్ బడి ఫాదర్ దగ్గర కొంత లాటిన్ నేర్చుకున్నాడు. నాందేడ్‌లో ఆ భాషతో ఎవరికీ పని పడలేదు. అందుకని ఆయన దాన్ని దుకాణాల్లో వాడేవాడు. బియ్యం బస్తా మీద కూర్చుని, రోమువాళ్ళు ఏ దేశానికి ఏ పేరు పెట్టారో, ఆ పేరు తర్వాత ఏమైందో చెప్పేవాడు. గిరాకీ ఉన్నప్పుడు రామకిషన్ వినేవాడు కాదు. లేనప్పుడు ఊ కొట్టేవాడు.

"గ్రీకోళ్ళు తమను తాము గ్రీకులని అనుకోలేదట," అంది సుమంగళ. "వాళ్ళు పెట్టుకున్న పేరు హెల్లెనులు. ఇటలీ దిక్కున్నోళ్ళకు ముందుగాల ఒక చిన్న గుంపు ఎదురువడ్డది. ఆ గుంపు పేరును లాటిన్‌ల గ్రేకీ అన్నరు. ఎనుక ఎంతమంది కనవడితే అంతమందికీ అదే పేరు. మన పేరు గూడ గంతే అన్నడు గుర్జీ. మనం పెట్టుకున్నది కాదు, నాందేడోళ్ళు పెట్టిండ్రు అన్నడు."

"విన్నవా అన్నా? పాలోళ్ళం కాదని ఆయన నోటితోనే చెప్పిండు," అన్నాడు శివరాం.

"ఇంకోటి గూడ చెప్పిండు కాకా," అని ఆమె చిన్నాయనతో అంది. "రోమ్ అంటే ఒక్క ఊరు. రోమనులంటే ఆ ఊరోళ్ళే. తర్వాత రాజ్యమంతా రోమనులే అయిండ్రు. నెత్తురు కలువది, భాష కలువది. ఆఖరికి రోమ్ చేతుల కెల్లి పోయినంక గూడ, తూర్పు దిక్కు గ్రీకు మాట్లాడెటోళ్ళు మేము రోమనులమే అన్నరట. మనోళ్ళు ఆ దేశాన్నే రూమ్ అన్నరు. నిజాం కాలంల పెట్టుకున్న రూమీ టోపీ గదే రోమ్."

"మా నాయినకుండె రూమీ టోపీ," అన్నాడు రామదాస్. "ఆయన రోమ్ పోలే బిడ్డా. హైద్రాబాద్ పోవుడే కష్టముండె."

"అదే మామా, గుర్జీ చెప్పింది. పేరు మనిషిని అడిగి పోదట. మొదలు తప్పు పెట్టిన పేరైనా నాలుగు తరాలు మోస్తే నిజమైతది అన్నడు."

"అంటే పాలోళ్ళమనా?" అని రామకిషన్ అడిగాడు.

"గట్ల గూడ అనుకోవచ్చు."

"రెండూ ఒక్క మనిషే చెప్పిండా?" అన్నాడు శివరాం. "పరీక్షల ఏది రాయమన్నడు మరి?"

"రెండూ రాయమన్నడు."

"రాస్తే?"

"ఫస్ట్ క్లాస్ అచ్చింది."

కబురు తెచ్చిన మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు. ఎండలు ముదిరాయని, శవాన్ని ఎక్కువ సేపు ఉంచలేమని చెప్పి వెళ్ళిపోయాడు.

రామకిషన్ దుకాణానికి పోయి తాతలనాటి ఊరు ఉమ్రికి ట్రంక్ కాల్ బుక్ చేశాడు. రామదాస్, శివరాం వెంట వెళ్ళారు. ఉమ్రిలో పత్తి దలాలీ చేసే రాధాకిషన్‌కు పాత సంగతులు తెలుసునని పేరు. లైను కలిసేదాకా ముగ్గురూ ఎవరి బస్తా మీద వాళ్ళు కూర్చున్నారు. నాగేశ్వర్ కూర్చునే బస్తా మీద రామదాస్ కూర్చున్నాడు.

ఉమ్రి నుంచి రాధాకిషన్ గొంతు వచ్చింది. రామకిషన్ సంగతి చెప్పి, ఉమ్రేవార్లు ఒక ఇల్లా రెండిండ్లా అని అడిగాడు.

"ఉమ్రేవార్లా? ఉమ్రిల ఉమ్రేవార్లు ఎవలు లేరు రామకిషన్."

"మేమే గదనే అన్నా!"

"మీరు నాందేడ్‌ల ఉమ్రేవార్లు. ఈడ మిమ్ముల బాసరోళ్ళంటరు. మీ తాత బాసర దిక్కు కెల్లి అచ్చిండట. ఉమ్రిల ఉన్నోన్ని ఉమ్రోడని ఎవలు పిలుస్తరు? ఈడ అందరం ఉమ్రోళ్ళమే."

"నాగేశ్వర్ గుర్జీ వాళ్ళను?"

"వాళ్ళను కుండల్‌వాడోళ్ళంటరు."

శివరాం అన్న చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. "అంటే వేరే వేరే. గంతే గద?"

"వేరేనే. కానీ రెండిండ్లకు నడుమ గోడ ఒక్కటే ఉండె. కుండల్‌వాడికి పోకముందు వాళ్ళు గూడ బాసర దిక్కే ఉండిండ్రని మా మేనత్త అంటుండె."

"మరి అప్పుడు వాళ్ళనేమంటుండిరి?"

రాధాకిషన్ ఏదో చెప్పాడు. ఆపరేటర్ గొంతు దాని మీద పడింది. తర్వాత ఎవరి గొంతూ లేదు.

ఫోను పెట్టేశాక రామదాస్ బస్తా మీంచి లేచాడు. "బావ, ఉమ్రేవార్ల పిల్లను తెస్తున్నమని ధర్మాబాద్ అంతా చెప్పిన. ఇప్పుడు పోయి ఏం చెప్పాలె? బాసరోళ్ళ పిల్లనా?"

"మేమే అది. మనుషులం మారలే గద."

"పాలోళ్ళెవరో చెప్పెటందుకు మీకు ట్రంక్ కాల్ కావాలె. రేపు మా ఇంట్ల అడుగుతరు. అవును అను, ఆగుదాం. కాదు అను, చేద్దాం. ఏదో ఒకటి అను."

రామకిషన్ గాడీపురా దారి పట్టాడు. ఇద్దరూ వెనక వచ్చారు.

నాగేశ్వర్ ఇంటి ముందు పాడె కట్టి ఉంది. కర్మ చేయించే భట్జీ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన మరాఠీ బ్రాహ్మడు, తెలుగు వచ్చు. శివరాం ఆయన్ను పక్కకు తీసుకుపోయి మాట్లాడాడు. వచ్చి అన్నకు చెప్పాడు.

"దారి దొరికింది. దిక్కులేని శవానికి పున్నెం కోసం నిప్పు పెడితే సూతకం లేదట. తానం చేస్తే అయిపోయింది. నువ్వు నిప్పు పెట్టు, గోదావరిల మునుగు, ఇంటికి రా. పెళ్ళికి అడ్డం లేదు."

రామకిషన్‌కు గుండె కుదుటపడింది. రామదాస్ కూడా తల ఊపాడు. అదే నిప్పు, అదే చేయి. పెట్టినవాడు పాలోడు కాకపోతే చాలు.

ఈ మాట యమునాబాయికి చెప్పడానికి రామకిషన్ లోపలికి పోయాడు. ఆమె భర్త తల దగ్గర కూర్చుని ఉంది. విని, కొంగు సర్దుకుంది.

"దిక్కులేని శవమా?"

"మాటకు వదినె. శాస్త్రం కోసం."

"ముప్పై ఏండ్ల సంది ఈ ఊరికి చదువు చెప్పినోడు దిక్కులేని శవమా రామకిషన్? మీ బాపు పోయిననాడు ఈయన మీసాలు తీయించుకుండు. పది రోజులు కింద పండుకుండు, ఒక్కపూట తిన్నడు. నువ్వు చూస్తివి గద."

రామకిషన్‌కు ఆ మీసాలు లేని ముఖం గుర్తుంది. "తిరుపతి పోయొచ్చిండనుకున్న వదినె."

"తిరుపతి పోయినోడు లడ్డు తేడా? తెచ్చిండా నీకు?"

"తేలే."

"మరి?"

"కానీ వదినె, మనం పాలోళ్ళం కాదని అన్ననే సుమంగళతోటి చెప్పిండట."

"నాతోటి గూడ చెప్పిండు. మరి మీసాలెందుకు తీసినవంటే, ఊరంతా నన్ను ఆయన పాలోడంటున్నది, నేనొక్కన్ని కాదంటే పోయినోనికి మర్యాదనా అన్నడు. ఆయన మాటలు నాకు ఎన్నడు అర్థం గాలే. ఆయన చేసింది అర్థమైంది." ఆమె ఆగి మళ్ళీ అంది, "వస్తే మరిదివై రా. పున్నెం కోసం రాకు. పున్నెం చేసెటోళ్ళకు నాందేడ్‌ల కొదువ లేదు. నేనే పెడుత నిప్పు. భట్జీ కోపం చేసుకుంటే చేసుకోనియ్యి."

రామకిషన్ బయటికి వచ్చాడు. శివరాం, రామదాస్ ఆయన ముఖం చూశారు.

"ఏమన్నది?"

"పాలోనివైతేనే పెట్టుమన్నది."

"కాకపోతివి. పోదాం పా," అన్నాడు శివరాం.

రామకిషన్ కదలలేదు. తన తండ్రి చనిపోయినప్పుడు పది రోజుల మైల పట్టినవాళ్ళెవరో గుర్తు తెచ్చుకున్నాడు. తాను, శివరాం, ఉమాబాయి. నాగేశ్వర్ కూడా పట్టాడని ఇవాళే తెలిసింది. లెక్కలో ఆయన్ను కలిపితే ఒక ఇల్లు. తీసేస్తే ఇంకో ఇల్లు. ఏది సరైనదో చెప్పగలవాడు లోపల పడుకుని ఉన్నాడు. బతికుంటే ఆయన రెండూ సరే అనేవాడు.

"నేను పెడుత," అన్నాడు రామకిషన్. "పాలోన్నే అని పెడుత."

శివరాం చేతులు నెత్తి మీద పెట్టుకున్నాడు. "నువ్వు పాలోనివైతే నేను గూడ పాలోన్నే అన్నా. సుమంగళకు గూడ మైల. పెళ్ళి పోతది. నేను మాత్రం పాలోన్ని కాదు."

"ఒక్క తల్లి పిల్లలం గదరా."

"అందుకే చెప్తున్న. ఒక్క తల్లి పిల్లలల్ల ఒకడు పాలోడు, ఒకడు కాదు. ఎట్ల?"

ముగ్గురూ భట్జీ దగ్గరికి వెళ్ళారు. భట్జీ అంతా విన్నాడు. విన్నాక మొదటి నుంచి మళ్ళీ చెప్పమన్నాడు. చివరకు ఇలా తేల్చాడు. పున్నెం కోసం నిప్పు పెడితే తానంతో సరి, కానీ పూర్తి కర్మ చేసేవాడికి, ఎవరైనా సరే, పది రోజులు తప్పవు. అతను పాలోడైతే ఇంటిల్లిపాదికీ తప్పవు. పాలోడవునో కాదో ఇంటివాళ్ళే చెప్పాలి, తాను చెప్పలేడు.

"అన్న అవునంటడు, నేను కాదంట. అప్పుడు?" అని శివరాం అడిగాడు.

"అప్పుడు ఆయనకున్నది, నీకు లేదు."

"సుమంగళకు?"

"ఆమెను ఎవరు దానం చేస్తారు?"

శివరాం, రామకిషన్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నేను చేస్త," అన్నాడు శివరాం. "నేను, నా భార్య."

"చేయవచ్చు," అన్నాడు భట్జీ. గొంతులో నమ్మకం లేదు. రామకిషన్ భార్యకు మైల ఉంటుందా లేదా అన్నది మిగిలింది. అది ఎవరూ అడగలేదు. అడగకూడదని అందరికీ తెలిసినట్టే ఉంది.

రామదాస్ ధోవతి అంచుతో మెడ తుడుచుకున్నాడు. "నాకు ఒక్క ముక్క సమజ్ గాలే బావ. ముహూర్తమైతే ఆగదు గద?"

"ఆగదు."

"నువ్వు మండపంల ఉండవు."

"ఉండ."

"పిల్ల తండ్రి ఏడి అని మావోళ్ళు అడిగితే?"

"ఏదో ఒకటి చెప్పు."

"ఏదో ఒకటా? నువ్వెవరివో నీకే తెల్వది. ఇంక నేనేం చెప్తనే!"

పాడె లేచింది. అది కరువు రెండో ఏడు. గోదావరి ఘాట్ మెట్లు దిగాక ఇసుకలో చాలా దూరం నడిస్తే గాని నీళ్ళు రాలేదు. రామకిషన్ తల గొరిగించుకున్నాడు, మీసాలు తీయించుకున్నాడు. తడిబట్టతో నిలబడితే భట్జీ మరాఠీలో అడిగాడు. "మయత్ తుమ్‌చే కోణ్ లాగ్తాత్?" చనిపోయినాయన నీకేమవుతాడని ప్రశ్న.

"అన్న," అన్నాడు రామకిషన్.

శివరాం కొంచెం దూరంలో ఉన్నాడు. ఆ మాట వినపడనట్టు నది వైపు తిరిగాడు. అటు చూడటానికి ఇసుక తప్ప ఏమీ లేదు.

నిప్పు పెట్టాక రామకిషన్ సొంత ఇంటికి పోలేదు. గాడీపురాలో యమునాబాయి ఇంటి అరుగు మీద చాప వేసుకున్నాడు. మూడో రోజు అస్థులు ఏరి తెచ్చాడు. ఆ రోజే మోంఢా వెనక పందిట్లో సుమంగళ పెళ్ళి జరిగింది. శివరాం, అతని భార్య కన్యాదానం చేశారు. ఉమాబాయి అక్షతలు వేసిందని కొందరు, దూరంగా కూర్చుందని కొందరు తర్వాత చెప్పారు. పెళ్ళికూతురి తండ్రి ఏడని చింతల్‌వార్ల చుట్టాలు అడిగితే, రామదాస్ ఒకరికి ఊళ్ళో లేడని, ఇంకొకరికి మైలలో ఉన్నాడని చెప్పాడు. ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని భోజనం చేశారు.

సాయంత్రం స్టేషన్‌కు పోతూ కొత్త జంట టాంగా గాడీపురా వైపు తిరిగింది. అది స్టేషన్ దారి కాదు. సుమంగళ అడిగిందట. వెనక ఇంకో టాంగాలో రామదాస్, శివరాం ఉన్నారు.

రామకిషన్ టాంగాను చూసి లేచి నిలబడ్డాడు. గుండు, మీసాలు లేని ముఖం. వరుడు ఆయన్ను గుర్తుపట్టలేదు. సుమంగళ టాంగా దిగింది.

"ఆడికెల్లే మొక్కు బిడ్డా. దగ్గరికి రాకు. మైల."

"కాకకు మైల లేదట గద బాపు."

"ఆయనకు లేదు. నాకున్నది."

"నాకు?"

"తెల్వది."

"మరి తెల్వనప్పుడు?" అంటూ ఆమె నడిచి వచ్చి ఆయన కాళ్ళు పట్టుకుంది. ఆయన వెనక్కి జరగబోయాడు. వెనక గోడ ఉంది. అప్పుడాయన చేయి ఆమె తల మీద పెట్టాడు.

శివరాం టాంగాలోంచి దూకాడు. "అయ్యో, ముట్టుకున్నవా! తానం చెయ్యాలె ఇప్పుడు."

"ఎందుకు చెయ్యాలె?" అన్నాడు రామదాస్. "మీకు మైల లేదంటివి."

"కర్మ చేసినోన్ని ముట్టుకుంటే ఉంటది."

"అయితే ఆ మైల మాదా, మీదా? పిల్ల ఇప్పుడు మా ఇంటిది."

యమునాబాయి లోపలి నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆ వీధికి రెండు రోజులకోసారి నీళ్ళు వస్తున్నాయి.

"నీ చేతి నీళ్ళు గూడ మైలే గద అక్కా," అన్నాడు శివరాం.

"నిన్ననో మొన్ననో పాలోన్ని కాదంటివి, నేను నీకు ఎవలనని అక్క అంటున్నవు?" అంది యమునాబాయి. చెంబు కింద పెట్టలేదు.

వరుడు మొదటిసారి మాట్లాడాడు. రైలు టైమవుతోందని చెప్పాడు.

రామదాస్ టాంగా దిగి వచ్చి యమునాబాయి చేతిలోంచి చెంబు తీసుకున్నాడు. కోడలిని వంగమని, చెంబెడు నీళ్ళూ ఆమె తల మీద పోశాడు. పట్టుచీర భుజాల దాకా తడిసింది. ఖాళీ చెంబును అరుగు మీద పెట్టి, రామకిషన్ వైపు చూశాడు.

"బావ, పదో నాడు బట్టలు పట్టుకొని రావాలెనా నేను?"

పదో రోజున వియ్యంకుడు కర్తకు బట్టలు పెట్టాలి. చావు ఆ ఇంటిదైతేనే పెట్టాలి.

"నాకేం తెల్వది బావ," అన్నాడు రామకిషన్.

"నాకూ తెల్వది. వస్త. ధోవతి ఎంత పొడుగుది కట్టుతవు?"

రామకిషన్ చెప్పాడు. సుమంగళ టాంగా ఎక్కింది. బండి కదిలాక ఆమె జుట్టులోంచి కారుతున్న నీళ్ళను వరుడు తన కండువాతో తుడవబోయి, తుడవచ్చో లేదోనని తండ్రి టాంగా వైపు తిరిగి చూశాడు.